ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటే ఏం చేయాలి?

రేపు పొద్దున్నే అబ్బాయికి ఈఏపీసెట్ పరీక్ష. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ నొక్కారు. తెర మీద ప్రింటర్ పేరు కింద ‘ఆఫ్‌లైన్’ అని పడింది. వెళ్లి చూస్తే ప్రింటర్‌కు కరెంటు ఉంది, లైటు వెలుగుతోంది, ట్రేలో కాగితాలున్నాయి. రాత్రి పదిన్నర దాటింది కాబట్టి జిరాక్స్ షాపులు కట్టేశారు. ఇంట్లో అందరికీ కంగారు మొదలవుతుంది. ఆ కంగారులో ఒకరు ప్రింటర్‌ను కంప్యూటర్‌లోంచి తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఇంకొకరు రూటర్ వెనకున్న సన్నటి రంధ్రంలో పిన్నీసు గుచ్చి రీసెట్ కొడతారు. పావుగంట తర్వాత చూస్తే ప్రింటర్ సంగతి అలాగే ఉంటుంది. టీవీ, ఫోన్లు, సీసీ కెమెరా కూడా వైఫై నుంచి ఊడిపోయి ఉంటాయి.

ఈ అవస్థ మీకు రాకూడదనే ఈ అధ్యాయం. ప్రింటర్ వైఫై గొడవలు పైకి రకరకాలుగా కనిపించినా వాటి వెనకున్న కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కనిపెట్టడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వేసుకోవాలో తెలిస్తే చాలు. ‘ఈ మిషన్లు నాకు అర్థం కావు’ అంటూ దూరాన ఉన్న పిల్లల ఫోన్ కోసం ఎదురుచూసే పెద్దవాళ్లు కూడా ఈ పని చక్కగా చేసుకోగలరు. నియమం ఒక్కటే: ఎక్కడ తెగిందో తేలేదాకా దేన్నీ మార్చకండి. తేలాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి.

ముందు ప్రింటర్‌నే అడగండి

ప్రింట్ నొక్కినప్పుడు ఆ పేజీ కంప్యూటర్ నుంచి రూటర్‌కు, రూటర్ నుంచి ప్రింటర్‌కు వెళుతుంది. ప్రయాణమంతా మీ ఇంటి గోడల మధ్యే. ఇంటర్నెట్‌తో దీనికి పనిలేదు. నెట్ బిల్లు కట్టకపోయినా, వీధిలో ఫైబర్ తెగినా రూటర్‌కు కరెంటుంటే ప్రింట్ రావాలి. (ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలనే షరతు మీద అమ్మిన కొన్ని మోడళ్లు దీనికి మినహాయింపు. అలాంటి పథకంలో చేరారేమో కొన్నప్పటి కాగితాల్లో చూసుకోండి.) ‘ఆఫ్‌లైన్’ అని పడిందంటే కంప్యూటర్ పలకరిస్తే ప్రింటర్ నుంచి జవాబు రాలేదని అర్థం. అంతకుమించి ఆ మాటలో సమాచారమేమీ లేదు.

కాబట్టి మొదట ప్రింటర్ దగ్గరికే వెళ్లండి. స్కానర్ ఉన్న మోడలైతే అద్దం మీద ఏదో ఒక కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ వచ్చిందంటే ఇంకు, హెడ్, కాగితం లాగే రోలర్లు అన్నీ బాగున్నట్టే. మెకానిక్ అవసరం లేదు. మిగిలింది నెట్‌వర్క్, కంప్యూటర్ సెట్టింగులు మాత్రమే.

తర్వాత చేయాల్సింది ఈ అధ్యాయం మొత్తంలోకీ ముఖ్యమైన పని. అయినా దాదాపు ఎవరూ చేయరు. ఇళ్లలో వాడే వైఫై ప్రింటర్లు చాలావరకు తమ నెట్‌వర్క్ పరిస్థితిని తామే ఒక పేజీ మీద అచ్చువేసి ఇస్తాయి. కొన్నింటిలో వైఫై బటన్, ‘ఐ’ అక్షరమున్న బటన్ కలిపి నొక్కాలి. కొన్నింటిలో కాగితం బొమ్మ ఉన్న బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాలి. చిన్న తెర ఉన్నవాటిలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. మీ మోడల్‌కు ఏది వర్తిస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీ చేతికొచ్చాక అందులో నాలుగు విషయాలు చూడండి. ప్రింటర్ ఏ వైఫై పేరుకు అతుక్కుని ఉంది? సిగ్నల్ బాగుందా, బలహీనమా? రూటర్ ప్రింటర్‌కు ఇచ్చిన అడ్రస్, అంటే ఐపీ అడ్రస్ ఎంత? మ్యాక్ అడ్రస్ ఏమిటి? మ్యాక్ అడ్రస్ అంటే రెండేసి చొప్పున ఆరు జతలుగా, మొత్తం పన్నెండు అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తు. దాని అవసరం తర్వాత వస్తుంది.

కొన్ని కంపెనీలు ఈ పేజీ మీద తప్పు సంఖ్య కూడా వేస్తాయి. ఎప్సన్ ప్రింటర్ల రిపోర్టులో ‘ఈ-5’ అని ఉంటే వైఫై భద్రతా పద్ధతి ప్రింటర్‌కూ రూటర్‌కూ కుదరలేదని. ‘ఈ-6’ అని ఉంటే రూటర్‌లోని మ్యాక్ ఫిల్టర్ ప్రింటర్‌ను అడ్డుకుంటోందేమో చూడమని. గంటసేపు ఊహించినా తేలని సంగతిని యంత్రం ఒక కాగితం ఖర్చుతో చెప్పేస్తుంది.

ఆ అంకెలు ఏం చెబుతాయి

ఐపీ అడ్రస్ దగ్గర అన్నీ సున్నాలుంటే ప్రింటర్ వైఫైకి ఎక్కలేదు. 169.254తో మొదలైతే వైఫై సిగ్నల్ అందినా రూటర్ అడ్రస్ ఇవ్వలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ లోపం ప్రింటర్‌కూ రూటర్‌కూ మధ్యే ఉంది కాబట్టి కంప్యూటర్ జోలికి వెళ్లకండి. డ్రైవర్‌ను (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) పదిసార్లు ఎక్కించినా ఫలితం ఉండదు.

192.168తో మొదలయ్యే సరైన అడ్రస్ ఉంటే అప్పుడు ఫోన్ తీసి వైఫై వివరాల్లో ఫోన్ అడ్రస్ చూడండి. ఫోన్‌ది 192.168.29.14, ప్రింటర్‌ది 192.168.29.37 అనుకోండి. మొదటి మూడు భాగాలూ కలిశాయి, అంటే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. మూడో భాగం తేడా వస్తే ఇంట్లో రెండు నెట్‌వర్కులున్నాయని అనుమానించాలి.

ఇప్పుడు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, వెబ్‌సైట్ పేరు టైప్ చేసే చోట ప్రింటర్ ఐపీ అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కండి. చాలా ప్రింటర్లలో వాటి సొంత పేజీ ఒకటి తెరుచుకుంటుంది. ఇంకు ఎంత ఉందో, వైఫై పేరేమిటో అందులో కనిపిస్తాయి. సర్టిఫికెట్ గురించి బ్రౌజర్ హెచ్చరిక చూపించినా కంగారు పడకండి. మీరు కొట్టింది మీ ప్రింటర్ అడ్రసే అయితే ముందుకు వెళ్లొచ్చు. ఆ పేజీ తెరుచుకుందంటే వైఫై, రూటర్, ప్రింటర్ మూడూ సవ్యంగా ఉన్నట్టే, లోపం కంప్యూటర్‌ సెట్టింగుల్లో ఉంది. తెరుచుకోకపోతే దారిలో ఉంది. సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే మీకు తెలిసినవాళ్లలో సగం మంది ప్రింటర్లు మీరే బాగుచేయగలరు.

కరెంటు పోయి వచ్చాక ఎందుకు మొరాయిస్తుంది

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది: ‘నిన్నటిదాకా బాగానే వచ్చింది, కరెంటు పోయి వచ్చాక రావట్లేదు.’

రూటర్ ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్‌ను శాశ్వతంగా ఇవ్వదు, కొంత కాలానికి ఇస్తుంది. లాడ్జిలో గది ఖాళీ చేసి మళ్లీ వచ్చినవాళ్లకు పాత గదే దొరుకుతుందన్న హామీ ఉండదు కదా, ఇదీ అంతే. కరెంటు వచ్చాక ఇంట్లో పరికరాలన్నీ ఒక్కసారిగా అడ్రసు అడుగుతాయి. ప్రింటర్‌కు 37 బదులు 41 రావచ్చు. మీ కంప్యూటర్ మాత్రం 37కే పేజీలు పంపుతూ కూర్చుంటుంది. జవాబు రాదు, ఆఫ్‌లైన్ అంటుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే కొత్త అడ్రస్ దొరికి బాగవుతుంది కాబట్టి అదే మందు అనుకుంటాం. మళ్లీ కరెంటు పోయేదాకానే ఆ ముచ్చట.

దీనికి పక్కా పరిష్కారం రూటర్‌లో ఉంది. బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లండి. జియో ఫైబర్ రూటర్లకు సాధారణంగా 192.168.29.1, ఎయిర్‌టెల్ వాటికి 192.168.1.1 ఉంటుంది. ఇతర కంపెనీలవైతే రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద చూడొచ్చు. ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ అన్న భాగంలో ‘అడ్రస్ రిజర్వేషన్’, ‘స్టాటిక్ లీజ్’, ‘ఐపీ బైండింగ్’ లాంటి పేరుతో ఒక సదుపాయం ఉంటుంది. ఇందాక ప్రింటర్ ఇచ్చిన పేజీ మీదున్న మ్యాక్ అడ్రస్‌ను అక్కడ రాసి, దానికెదురుగా ఒక ఐపీ అడ్రస్ ఖాయం చేయండి. మ్యాక్ అడ్రస్ కొట్టేటప్పుడు ఇంగ్లిష్ ‘బి’ అక్షరానికీ 8 అంకెకూ, ‘డి’ అక్షరానికీ సున్నాకూ పొరపాటు పడకుండా చూసుకోండి. ప్రింటర్‌ను ఒకసారి ఆపి వేస్తే కొత్త అడ్రస్ తీసుకుంటుంది, ఇక అది మారదు. కంప్యూటర్‌లో కూడా ఆ అడ్రస్‌తోనే ప్రింటర్‌ను మళ్లీ ఒకసారి చేర్చాలి. విండోస్‌లో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’కు వెళ్లి, తానే వెతికిపెట్టే జాబితాను వదిలేసి, ‘యాడ్ మాన్యువల్లీ’ నొక్కి, టీసీపీ/ఐపీ అడ్రస్ ద్వారా చేర్చడాన్ని ఎంచుకోండి. విండోస్ తనంతట తాను వెతికి చేర్చినప్పుడు తరచూ డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు వాడుతుంది. అది పనిచేసినన్నాళ్లూ బాగానే పనిచేస్తుంది గానీ, ప్రింటర్ నిద్రలోకి వెళ్లి లేచాక ఆఫ్‌లైన్ అనే చిక్కు ఎక్కువగా అక్కడే వస్తుంది. నా సలహా టీసీపీ/ఐపీకే.

ఇంకో చిన్న మాట. రూటర్ ఇన్వర్టర్ మీద, ప్రింటర్ మామూలు లైను మీద ఉండే ఇళ్లు చాలా. అక్కడ రూటర్ ఆగదు కాబట్టి ఇబ్బంది తక్కువ. రెండూ ఆగే ఇళ్లలో కరెంటు వచ్చాక ముందు రూటర్‌ను పూర్తిగా లేవనివ్వండి, రెండుమూడు నిమిషాలయ్యాక ప్రింటర్ వేయండి.

మేడ మీద వస్తుంది, కింద రాదు

కాకినాడలో మా పిన్నిగారి ఇల్లు రెండంతస్తులు. ప్రింటర్ మేడ మీద గదిలో ఉంది. ‘ఒరేయ్, లాప్‌టాప్ పట్టుకుని మేడెక్కితే ప్రింట్ వస్తుంది, కిందకొచ్చి కూర్చుంటే రాదురా’ అని ఫోన్ చేసింది. అంతకుముందు వచ్చిన మెకానిక్ డ్రైవర్ మార్చి, డబ్బు తీసుకుని వెళ్లాడట. ‘పిన్నీ, కింద ఉన్నప్పుడు నీ లాప్‌టాప్ అడ్రస్ చదువు’ అంటే 192.168.1.8 అంది. ప్రింటర్ రిపోర్టు తీయిస్తే 192.168.0.105. సంగతి అర్థమైంది.

కింద హాల్లో నెట్ కంపెనీ పెట్టిన ఫైబర్ బాక్సు. సిగ్నల్ పైకి అందడం లేదని బజార్లో ఇంకో రూటర్ కొని, కింద నుంచి వైరు లాగి పైన పెట్టుకున్నారు. ఆ రెండో రూటర్ పైన తనదంటూ వేరే నెట్‌వర్క్ సృష్టించింది. పైనున్న పరికరాలు దాన్ని దాటి కిందికి రాగలవు. కిందివి దాని లోపలికి వెళ్లలేవు. ఈ ఏర్పాటు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. నెట్ రెండు చోట్లా వస్తుంది కాబట్టి లోపం ఎవరికీ కనిపించదు, ప్రింటర్ కొన్నాకే బయటపడుతుంది.

మందు సులభమే. రెండో రూటర్ సెట్టింగుల్లో ‘ఆపరేషన్ మోడ్’ అనే చోట రూటర్ బదులు ‘యాక్సెస్ పాయింట్’ ఎంచుకుంటే, అది సొంత నెట్‌వర్క్ మానేసి కింది బాక్సుకు కొనసాగింపుగా మారుతుంది. ఆ తర్వాత పైనా కిందా అన్నిటికీ ఒకే వరుసలో అడ్రసులు వస్తాయి. మా పిన్ని ఈ మార్పును ఫోన్లో నేను చెబుతుంటే తనే చేసింది. పాత మోడల్ రూటరై ఆ సదుపాయం లేకపోతే ప్రింటర్‌ను కింది బాక్సు వైఫైకే కలిపి, సిగ్నల్ అందేచోట పెట్టుకోవడం మేలు.

‘గెస్ట్’ పేరుతో ఉండే వైఫై కూడా ఇలాంటి గోడే. అతిథుల ఫోన్లకు ఇంట్లోని ఇతర పరికరాలు కనిపించకుండా ఉండాలనే దాన్ని పెట్టారు. ప్రింటర్‌ను గాని, ఫోన్‌ను గాని దానికి కలపకండి. ఆఫీసు లాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇంటి ప్రింటర్ కనిపించకపోవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ప్రింట్ తీసేంతసేపు వీపీఎన్ ఆపి చూస్తే తేలిపోతుంది.

నెట్ కంపెనీ మార్చినప్పుడు

కొత్త కనెక్షన్ తీసుకుంటే కొత్త రూటర్ వస్తుంది, వైఫై పేరు మారుతుంది. ఫోన్లకు కొత్త పాస్‌వర్డ్ ఇస్తాం, ప్రింటర్‌ను మరచిపోతాం. అది పాత పేరు కోసమే వెతుకుతూ లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఇక్కడ ఒక చిట్కా ఉంది: కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టేయండి. పెద్దచిన్న అక్షరాలతో సహా అచ్చంగా అవే ఉండాలి. భద్రతా పద్ధతి కూడా పాతదే ఉంటే ప్రింటర్, టీవీ, కెమెరా అన్నీ వాటంతటవే కలుస్తాయి. నెట్ కంపెనీ మనిషి ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే అడిగి పెట్టించుకోండి.

భద్రతా పద్ధతి అన్నాను. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే పద్ధతి చాలా పాత ప్రింటర్లకు తెలియదు. కొత్త రూటర్‌లో అదొక్కటే పెట్టి ఉంటే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ప్రింటర్ ఎక్కదు. డబ్ల్యూపీఏ2, లేదా రెండూ కలిసిన మిశ్రమ పద్ధతి ఎంచుకోండి. భద్రత మొత్తం తీసేసి పాస్‌వర్డ్ లేని వైఫై మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

2.4, 5 గిగాహెర్ట్జ్ సంగతి కూడా ఇక్కడే. ఇళ్లలో వాడే ప్రింటర్లలో చాలావాటికి 2.4 మాత్రమే వినిపిస్తుంది. మీ వైఫై జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉండి, ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటే ప్రింటర్‌ను రెండో దానికి, అంటే 5జీ లేని పేరుకు కలపాలి. (ఈ 5జీకి మొబైల్ 5జీతో సంబంధం లేదు.) ఫోన్ 5 మీద, ప్రింటర్ 2.4 మీద ఉన్నా రూటర్ ఒకటే అయితే మామూలుగా ప్రింట్ వస్తుంది. కొత్త రూటర్లు రెంటికీ ఒకే పేరు పెడుతున్నాయి. ప్రింటర్‌ను మొదటిసారి కలిపేటప్పుడు ఇది ఇబ్బంది పెడితే, రూటర్ సెట్టింగుల్లో 5ను కాసేపు ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ వేసుకోండి.

పాస్‌వర్డ్‌ను చిన్న తెర మీద బాణం గుర్తులతో ఒక్కో అక్షరం ఎంచుకుంటూ కొట్టడం పెద్దలకు నరకం. రూటర్‌కూ ప్రింటర్‌కూ డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటే అది వాడండి. రూటర్ మీద నొక్కాక రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీద కూడా నొక్కాలి.

రాత్రి పదిన్నరకి

బ్రౌజర్‌లో ప్రింటర్ అడ్రస్ కొడితే పేజీ తెరుచుకుంటోంది, అయినా ప్రింట్ రావట్లేదంటే కంప్యూటర్‌లో చూడండి. ప్రింటర్ల జాబితాలో మీ మోడల్ పేరు రెండుసార్లు ఉందా? చివర ‘కాపీ 1’ అని ఉన్నది గాని, పాతది గాని దయ్యంలా మిగిలి ఉంటుంది, పేజీలు దానికి వెళుతుంటాయి. పనిచేయనిదాన్ని తీసేయండి. క్యూలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఎప్పటిదో ఒక పేజీ క్యూలో ఇరుక్కుని కదలకపోతే ‘సర్వీసెస్’లో ‘ప్రింట్ స్పూలర్’ను రీస్టార్ట్ చేయండి. వైఫైని విండోస్ ‘పబ్లిక్’గా గుర్తిస్తే ప్రింటర్ వెతకడం ఆగిపోవచ్చు, ఇంటి వైఫైని ‘ప్రైవేట్’గా మార్చండి.

ఫోన్ నుంచి తీస్తుంటే మొబైల్ డేటా ఆపి చూడండి. వైఫైలో నెట్ లేకపోతే ఫోన్ చెప్పకుండానే మొబైల్ డేటాకు మారిపోతుంది, అప్పుడు ప్రింటర్ దానికి కనిపించదు. ఐఫోన్‌లో ప్రింటర్ యాప్‌కు ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి ఇచ్చారో లేదో చూడండి.

ఇంత ఓపికా సమయమూ ఆ రాత్రి లేకపోతే యూఎస్‌బీ వైరు తీయండి. ప్రింటర్ వెనక చదరంగా ఉండే పోర్టులో గుచ్చి కంప్యూటర్‌కు కలిపితే వైఫై ఏదీ అక్కర్లేదు. ఆ వైరు ఇంట్లో ఒకటి ఉంచుకోండి. వైరు లేకపోతే ఫోన్ వైఫై జాబితాలో ‘డైరెక్ట్’ అని మొదలయ్యే పేరు ఉందేమో చూడండి. అది ప్రింటర్ తానే పంచే వైఫై. రూటర్‌తో పనిలేకుండా ఫోన్ నేరుగా దానికి కలుస్తుంది. పాస్‌వర్డ్ సాధారణంగా ఇందాకటి రిపోర్టు పేజీ మీదే ఉంటుంది. హాల్‌టికెట్ చేతికొచ్చాక పడుకోండి. అసలు మరమ్మతు మర్నాడు సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు.

ఒక్క పని మాత్రం ఏ రాత్రీ చేయకండి. ప్రింటర్ కంపెనీ పేరు పెట్టి ‘హెల్ప్‌లైన్ నంబరు’ అని ఇంటర్నెట్‌లో వెతికి, పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేయకండి. కంపెనీల పేర్లతో నకిలీ నంబర్లు పెట్టి కాచుకునే ముఠాలున్నాయి. వాళ్లు మర్యాదగా మాట్లాడతారు, ‘మీ నెట్‌వర్క్‌లో వైరస్ ఉంది సార్’ అంటారు, ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి మీ కంప్యూటర్ తెరను తమ చేతిలోకి తీసుకుంటారు. అక్కణ్నుంచి బ్యాంకు ఖాతా దాకా వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. వయసు మళ్లినవాళ్లే ఎక్కువగా చిక్కుతారు, ఎందుకంటే పిల్లలను విసిగించడం ఇష్టంలేక వాళ్లే ఫోన్ చేస్తారు. కంపెనీ నంబరు కావాలంటే ప్రింటర్‌తో వచ్చిన మాన్యువల్ లేదా వారంటీ కార్డులో చూడండి. మీ ఇంట్లో అమ్మానాన్నలుంటే ఈ ఒక్క సంగతి ఈరోజే చెప్పండి. ఒకవేళ ఎవరికైనా అలా డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.